స్లైడ్-అవుట్ మొరాయిస్తే ముందు వోల్టేజీని అనుమానించండి

అమెరికాలో పికప్ ట్రక్కుకో, ఎస్‌యూవీకో తగిలించుకుని లాక్కెళ్లే ట్రావెల్ ట్రెయిలర్లలో స్లైడ్-అవుట్ ఒక పెద్ద సౌకర్యం. క్యాంప్‌గ్రౌండ్‌కు చేరి స్విచ్ నొక్కితే సోఫా, డైనింగ్ టేబుల్‌తో సహా గోడలో ఒక భాగం బయటికి జరుగుతుంది. ఇరుకు బండిలో నలుగురు మసలడానికి చోటు దొరుకుతుంది. బయల్దేరే రోజున అదే స్విచ్‌ను రెండోవైపు నొక్కి లోపలికి తెచ్చుకోవాలి. అది లోపలికి రాలేదంటే ప్రయాణం ఆగినట్టే, ఎందుకంటే గదిని బయట పెట్టుకుని బండిని రోడ్డెక్కించలేం.

డల్లస్‌లోనో, అట్లాంటాలోనో ఉంటూ పిల్లల వేసవి సెలవుల కోసం ట్రెయిలర్ కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ బండ్లు కొత్త. మనం పెరిగిన ఊళ్లలో ఇలాంటివి చూడలేదు. అందుకే స్లైడ్ ఆగిపోగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట "మోటార్ పోయింది". అక్కడే డబ్బు వృథా అవుతుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఈ మోటార్ ఏడాది మొత్తం మీద పనిచేసేది కొద్ది నిమిషాలే. అది అరిగిపోవడానికి అవకాశం తక్కువ. దానికి కరెంటు మోసుకొచ్చే నట్లు, లగ్గులు, ఎర్త్ తీగ మాత్రం ఏడాది పొడవునా వానలో, మంచులో, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పులో నానుతూనే ఉంటాయి. కాబట్టి ఈ అధ్యాయం చెప్పే పద్ధతి ఒక్కటే: బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మోటార్ దాకా ఒక్కో మజిలీలో వోల్టేజీ కొలుచుకుంటూ వెళ్లండి. అది ఎక్కడ తగ్గిందో లోపం అక్కడే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు

ట్రెయిలర్‌లో రెండు రకాల కరెంటు ఉంటుంది. లైట్లు, నీటి పంపు, స్లైడ్ మోటార్ బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల డీసీతో పనిచేస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు క్యాంప్‌గ్రౌండ్ స్తంభం నుంచి వచ్చే 120 వోల్టుల ఏసీ కరెంటుతో పనిచేస్తాయి. మొదటిది షాక్ కొట్టదు గానీ షార్ట్ అయితే తీగ ఎర్రగా కాలి నిప్పు పుట్టిస్తుంది. రెండోది ప్రాణం తీస్తుంది.

మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సినది తీగల రంగు. మన ఇళ్లలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్ అని చిన్నప్పటి నుంచి విన్నాం. అమెరికాలో 120 వోల్టుల వైరింగ్‌లో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. నల్ల తీగే కదా అని చెయ్యి వేస్తే నేరుగా ఫేజ్‌ను పట్టుకున్నట్టే. పైగా అదే ట్రెయిలర్‌లో 12 వోల్టుల వైపు కూడా నలుపు ప్లస్‌గా, తెలుపు మైనస్‌గా ఉండటం మామూలే. రంగు చూసి ఏ తీగనూ నమ్మకండి, మీటర్ పెట్టి చూశాకే నమ్మండి.

ప్యానెల్ తెరిచే ముందు స్తంభం దగ్గర బ్రేకర్ ఆపి ప్లగ్ పీకేయండి. ఉంగరం, చేతి గడియారం తీసేయండి. బ్యాటరీ తీగలు విప్పాల్సి వస్తే ముందు మైనస్ విప్పండి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించండి. స్లైడ్ కింద పళ్ల చక్రాలు ఉంటాయి. ఎవరైనా స్విచ్ దగ్గర ఉండగా అక్కడ చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

కరెంటు నడిచే దారి

ట్రెయిలర్ ముందు ఇంగ్లిష్ 'A' అక్షరం ఆకారంలో ఉన్న ఇనుప ఫ్రేమ్ మీద బ్యాటరీ కూర్చుంటుంది. దాని ప్లస్ నుంచి బయల్దేరిన తీగ కొద్ది దూరంలోనే అగ్గిపెట్టె అంత బ్రేకర్‌కు వెళ్తుంది. రెండు స్టడ్లున్న ఈ బ్రేకర్ వేడెక్కితే తనంతట తానే ఆగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఆ తర్వాత బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్, ఫ్యూజుల ప్యానెల్, స్లైడ్ స్విచ్ లేదా కంట్రోలర్, చివరికి మోటార్. తిరుగుదారి చాలా బండ్లలో ఫ్రేమ్ ఇనుమే. కొన్ని మోడళ్లలో స్లైడ్ తీగ ఫ్యూజుల ప్యానెల్‌కు పోకుండా ముందున్న బ్రేకర్ల నుంచే నేరుగా వెళ్తుంది. మీ బండి వైరింగ్ బొమ్మ తీసి దారి ఏదో చూసుకోండి.

కన్వర్టర్ అనే పెట్టె 120 వోల్టులను సుమారు 13.6 వోల్టుల డీసీగా మార్చి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. ప్లగ్ పెట్టి ఉంది కదా, ఇక బ్యాటరీతో పనేముంది అనుకోవద్దు. స్లైడ్ మోటార్ కదలడం మొదలుపెట్టిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లాగుడును తట్టుకునేది బ్యాటరీయే. చచ్చిన బ్యాటరీ పెట్టుకుని కన్వర్టర్ ఒక్కదాని మీద స్లైడ్ నడపాలని చూస్తే చాలా బండ్లలో అది నత్తనడక నడుస్తుంది, లేదా అసలు కదలదు.

లక్షణాన్ని బట్టి అనుమానం

స్విచ్ నొక్కినప్పుడు లోపల ఒక లైటు వెలిగించి ఉంచండి. చెవి మోటార్ వైపు, కన్ను లైటు వైపు పెట్టండి.

చప్పుడే లేదు, లైటూ మారలేదు: కరెంటు మోటార్ దాకా పోవడం లేదు. డిస్‌కనెక్ట్ స్విచ్, స్లైడ్ ఫ్యూజ్, బ్రేకర్, స్లైడ్ స్విచ్, ఈ వరసలో చూడండి. స్లైడ్‌కు తాళం చెవి లేదా లాక్ బటన్ ఉన్న మోడల్ అయితే ముందు అది చూడండి.

టిక్కుమన్న శబ్దం వచ్చింది, కదలిక లేదు: స్విచ్ నొక్కితే మోటార్‌కు కరెంటు కలిపే రిలే పనిచేస్తోంది, అంటే స్విచ్ మాట వింటోంది. బరువు లాగడానికి కావాల్సిన కరెంటు మాత్రం అందడం లేదు. బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా ఏదో జాయింటుకు చిలుము పట్టి ఉండాలి.

లైటు బాగా మసకబారింది: బ్యాటరీ బలహీనం, లేదా బ్యాటరీ దగ్గరి జాయింటు చెడింది.

లైటు మామూలుగానే ఉంది, మోటార్ మూలుగుతోంది: లోపం స్లైడ్‌కు వెళ్లే తీగలో ఉండొచ్చు, లేదా గది ఎక్కడో పట్టేసి ఉండొచ్చు. రెండోది తేల్చడం సులభం. బండి సమతలంగా ఉందా, కింద ఏ బొమ్మో చెప్పో ఇరుక్కుందా, ప్రయాణంలో పెట్టే అడ్డకర్ర తీశారా, రబ్బరు సీలు అంటుకుపోయిందా చూడండి.

కొంచెం కదిలి ఆగింది, ఒక నిమిషం తర్వాత మళ్లీ కొంచెం కదిలింది: బ్రేకర్ వేడెక్కి ఆగుతోంది, చల్లారి కలుస్తోంది. అలా నొక్కుతూనే ఉంటే ఎలాగోలా వచ్చేస్తుందని పట్టుపట్టకండి. బ్రేకర్ ఏదో చెబుతోంది, వినండి.

మీటర్‌తో నాలుగు కొలతలు

సాధారణ డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు లోపల స్విచ్ దగ్గర, మరొకరు బయట మీటర్ దగ్గర. "నొక్కు" అంటే నొక్కడం, "చాలు" అంటే వదిలేయడం. అంతకుమించి మాటలు వద్దు.

మొదటి కొలత, స్తంభం ప్లగ్ పీకేసి కాసేపు ఆగాక బ్యాటరీ రెండు పోస్టుల మధ్య. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 లేదా 12.7 నిండు ఛార్జ్. 12.2 అంటే దాదాపు సగం. 12 కన్నా తక్కువైతే ముందు ఛార్జ్ పెట్టండి, మిగతా పరీక్షలు ఆ తర్వాత. లిథియం బ్యాటరీకి ఈ లెక్క వర్తించదు. అది చివరిదాకా 13 దగ్గరే నిలబడి ఉన్నట్టుండి పడిపోతుంది, కనుక దాని సొంత మీటర్‌నే నమ్మాలి.

రెండో కొలత, అదే చోట, స్విచ్ నొక్కి ఉంచి. ఉత్తినే ఉన్నప్పుడు 12.6 చూపించిన బ్యాటరీ స్లైడ్ నొక్కగానే 10కి జారితే అది ముసలిదైపోయింది. 12 దగ్గర నిలబడితే బ్యాటరీకి దోషం లేదు, ముందుకు సాగండి. విడిగా తీసుకెళ్లి కొట్లో చూపిస్తే బాగానే ఉందన్న బ్యాటరీ బండిలో ఓడిపోవడానికి కారణం తరచు దాని నెత్తి మీద తెల్లగా పేరుకున్న చిలుమే.

మూడో కొలత, బ్రేకర్ రెండు స్టడ్ల మధ్య, స్విచ్ నొక్కి ఉంచి. ఇక్కడ మీటర్ సున్నాకు దగ్గరగా చూపించాలి. కరెంటు హాయిగా దాటిపోతే రెండు వైపులా వోల్టేజీ ఒకటే కదా. 12 చూపిస్తే బ్రేకర్ తెగిపోయింది, అవతలికి ఏమీ పోవడం లేదు. అర వోల్టు దాటి చూపిస్తే లోపల కాంటాక్టులు కాలాయి. కొత్తది కొనేటప్పుడు అదే ఆంపియర్లది కొనండి. రాగి రంగు స్టడ్ బ్యాటరీ వైపు, వెండి రంగు స్టడ్ అవతలి వైపు రావాలి. ఫ్యూజులకు కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది.

నాలుగో కొలత, మోటార్ తీగల దగ్గర, స్విచ్ నొక్కి ఉంచి. ఇక్కడ 11కు తగ్గకుండా ఉండి, గదికి ఎక్కడా అడ్డు లేకుండా ఉండి, అయినా మోటార్ ఉలకకపోతే అప్పుడు మోటార్‌ను అనుమానించవచ్చు. 10 కన్నా తక్కువ వస్తే మోటార్ నిర్దోషి. దారిలో ఎవరో దోచేస్తున్నారు.

ఆ దోపిడీ ఎంతో లెక్క వేద్దాం. స్లైడ్ మోటార్ 25 ఆంపియర్లు లాగుతోందనుకోండి. 10 గేజ్ తీగకు వెయ్యి అడుగులకు సుమారు ఒక ఓమ్ నిరోధం. మన కొట్లలో అడిగే 6 స్క్వేర్ ఎంఎం తీగ కన్నా ఇది కొంచెం సన్నం. రానుపోను 60 అడుగుల తీగ ఉంటే 0.06 ఓమ్, అంటే దారి ఖర్చు 1.5 వోల్టులు. ఇది తప్పని ఖర్చు. చిలుము పట్టిన ఒక్క జాయింటు మరో 0.1 ఓమ్ కలిపిందంటే ఇంకో 2.5 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.4 ఉన్నా మోటార్‌కు చేరేది 8.4. కాలువ పైభాగంలో నిండుగా పారుతున్నా శివారు మడికి నీరందనట్టు ఉంటుంది ఈ పరిస్థితి. పోయిన 2.5 వోల్టులు ఆ జాయింటు దగ్గర సుమారు 62 వాట్ల వేడిగా మారతాయి. అందుకే చెడ్డ జాయింటు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి కనిపిస్తుంది.

స్విచ్ నొక్కకుండా ఇదే జాయింటును కొలిస్తే ఏ తేడా కనిపించదు. కరెంటు పారనప్పుడు నష్టమూ ఉండదు. "అన్నిచోట్లా 12 ఉంది, అయినా కదలట్లేదు" అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే: బరువు మోస్తుండగా కొలవకపోవడం.

ఎర్త్ నట్టు

పై నాలుగు కొలతల్లో ప్లస్ వైపు దోషం దొరక్కపోతే తిరుగుదారి చూడాలి. మీటర్ ఎర్ర ప్రోబ్‌ను ఫ్రేమ్ మీద రంగు గీకి తెల్లగా మెరిసే ఇనుముకు, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ పోస్టుకు ఆనించి స్విచ్ నొక్కమనండి. 0.2 వోల్టులు దాటకూడదు. ఒకటో రెండో వోల్టులు చూపించిందంటే దొంగ దొరికినట్టే.

బ్యాటరీ మైనస్ తీగను పట్టుకుని వెంబడిస్తే అది ఫ్రేమ్‌కు బిగించిన ఒక స్క్రూ దగ్గర ఆగుతుంది. బయటికి బిగువుగానే ఉంటుంది. విప్పి చూస్తే లగ్గు కింద ఇనుము మీద నల్ల రంగు అలాగే ఉంటుంది, స్క్రూ మరల మీద ఎర్రటి తుప్పు ఉంటుంది. కరెంటంతా ఆ తుప్పు మరల గుండానే పోవాల్సి వస్తోందన్నమాట. బ్యాటరీ తీగలు రెండూ విప్పి, రూపాయి బిళ్లంత మేర రంగును ఇనుము మెరిసేదాకా గీకండి. లగ్గును గరుకు కాగితంతో రుద్దండి. పళ్లున్న స్టార్ వాషర్ వేసి, కొత్త బోల్టుతో గట్టిగా బిగించి, పైన గ్రీజో రంగో పూయండి. పది నిమిషాల పని, కొన్ని సెంట్ల ఖర్చు. మోటార్ మార్చబోయే ప్రతి ఒక్కరూ ముందు ఈ పని చేసి తీరాలి.

బయటికి వెళ్తుంది, లోపలికి రాదు

ఈ మోటార్ తీగల్లో ప్లస్, మైనస్ తారుమారు చేస్తే అది రెండో దిక్కుకు తిరుగుతుంది. ఆ తారుమారు చేసేది స్విచ్ లేదా రిలే. మోటార్ లోపలి చుట్టలు రెండు దిక్కులకూ అవే. కాబట్టి ఒక దిక్కుకు చక్కగా తిరిగే మోటార్ రెండో దిక్కుకు తిరగలేదంటే తప్పు దాదాపుగా మోటార్‌ది కాదు. స్విచ్ వెనక మోటార్ తీగల మీద మీటర్ పెట్టండి. ఒకవైపు నొక్కితే 12, రెండోవైపు నొక్కితే మైనస్ 12 రావాలి. ఒకవైపు ఏమీ రాకపోతే స్విచ్ మార్చండి.

గదికి రెండు పక్కలా గోడలోనే ఒక్కో మోటార్ ఉండే ష్వింటెక్ రకంలో సంగతి వేరు. అక్కడ కంట్రోలర్ రెండు మోటార్లూ జంటగా నడిచేలా చూస్తుంది. వోల్టేజీ తగ్గితే జంట తప్పి గది వంకరగా వస్తుంది. వెంటనే ఆపండి. కంట్రోలర్ మీద ఎర్ర లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి, మీ మాన్యువల్‌లో ఆ సంఖ్యకు ఏ లోపం రాశారో చూడండి. బ్యాటరీ నింపాక గదిని పూర్తిగా బయటికి పంపి, ఆగిన తర్వాత కూడా మోటార్లు వాటంతట అవి ఆగేదాకా స్విచ్ పట్టి ఉంచితే చాలాసార్లు జంట కుదురుతుంది.

స్లైడ్ గదిలో లైటు, ప్లగ్ పనిచేయకపోతే

గది కదులుతుంది గానీ దాని లోపలి లైట్లు, ప్లగ్గులకు కరెంటు లేదంటే దారి వేరు. గదితోపాటు ముందుకీ వెనక్కీ మడతపడే తీగల కట్ట ఒకటి కింద వేలాడుతుంది. గది లోపల ఉంటే వెలిగి, బయటికి వెళ్తే ఆరిపోయే లైటు ఉంటే ఆ కట్టలో ఏదో తీగ లోపల తెగింది. రాయి తగిలిందా, ఇరుసుకు రాసుకుందా, కట్టు ఊడి వేలాడుతోందా చూడండి.

120 వోల్టుల ప్లగ్ ఒక్కటే చచ్చిపోతే ముందు బాత్రూంలోనో వంటగట్టు దగ్గరో ఉండే, కరెంటు లీకైతే తనే ఆపేసే జీఎఫ్‌సీఐ ప్లగ్ మీద రీసెట్ బటన్ నొక్కండి. స్లైడ్‌లోని ప్లగ్గులు తరచు దాని అవతలే తగిలించి ఉంటాయి. రీసెట్ చేసినా అది మళ్లీ మళ్లీ పడిపోతున్నా, ప్లగ్ ముఖం వెచ్చగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఇక మీరు చెయ్యి పెట్టకండి, ఆర్‌వీ టెక్నీషియన్‌ను పిలవండి.

ఇంటి దగ్గర ట్రెయిలర్ కోసం 30 ఆంపియర్ల ప్లగ్ పెట్టించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. టీటీ-30 అనే ఆ మూడు కాళ్ల ప్లగ్ 120 వోల్టులది. చూడటానికి బట్టల డ్రయర్ ప్లగ్‌లా ఉంటుంది కనుక అలవాటు లేని ఎలక్ట్రీషియన్లు దానికి 240 వోల్టులు ఇచ్చేస్తుంటారు. అలా తగిలిస్తే ఒక్క క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్ మాడిపోతాయి. కన్వర్టర్ పోతే బ్యాటరీ ఎండుతుంది, స్లైడ్ ఆగుతుంది. మొదటిసారి ప్లగ్ పెట్టే ముందు మీటర్‌తో కొలిచి తీరండి.

ప్లగ్ పెట్టినా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13 దాటకపోతే కన్వర్టర్ ఛార్జ్ చేయడం లేదు. ఎవరైనా బ్యాటరీని తిరగేసి తగిలించారేమో కనుక్కోండి. ఆ పొరపాటు నుంచి కాపాడటానికి ప్యానెల్‌లో రెండు పెద్ద ఫ్యూజులు పక్కపక్కనే ఉంటాయి. అవి పోతే అంతా బాగున్నట్టే కనిపిస్తూ బ్యాటరీ మాత్రం నిండదు.

అడవిలో ఇరుక్కుంటే

ఎల్లోస్టోన్ పార్కులో కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మిగతా చోట్ల బ్యాటరీయే దిక్కు. అక్కడ స్లైడ్ ఆగితే లాగే బండి ఇంజిన్ నడుపుతూ, జంపర్ తీగలతో దాని బ్యాటరీని ట్రెయిలర్ బ్యాటరీకి కలపండి. ఏడు పిన్నుల కనెక్టర్ గుండా వచ్చే సన్నటి ఛార్జింగ్ తీగ ఈ బరువు మోయలేదు. అప్పటికీ రాకపోతే చేత్తో తిప్పే మార్గం చాలా స్లైడ్లకు ఉంటుంది. ఆ సాకెట్ ఎక్కడుందో, ఏ సైజు రెంచ్ కావాలో ఇంట్లో ఉండగానే చూసుకోండి. మోటార్‌కు బ్రేక్ లీవర్ ఉంటే తిప్పడం అయ్యాక దాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టండి. మరిచిపోతే రోడ్డు మీద గది బయటికి జరగొచ్చు.

ఫ్యూజ్ పదేపదే పోతోందని 30 ఆంపియర్ల చోట 40ది పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఫ్యూజ్ బదులు గోడ లోపలి తీగ కాలుతుంది.

ఈ వారాంతమే చేయండి

బండి ఇంటి ముందు, స్లైడ్ బాగా పనిచేస్తూ ఉండగానే మీటర్ తీసుకుని ఈ అధ్యాయంలోని నాలుగు కొలతలూ, ఎర్త్ కొలతా తీయండి. ఆ అంకెలను ఫ్యూజుల ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో తేదీ వేసి రాయండి. రేపు స్లైడ్ ఆగినప్పుడు కొత్త అంకెలను వాటి పక్కన పెట్టి చూస్తే ఏ మజిలీలో తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఆ అంకెలు చేతిలో లేకుండా మోటార్‌కు ఆర్డర్ పెట్టకండి.